నీళ్లు కుడిచేతి వైపు

చదివే అమ్మలకీ అయ్యలకీ ముందుగానే ఒక మాట. రాతలో తప్పులుంటే సర్దుకోండి. నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిశాక. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో ఇప్పటికీ చెయ్యి తడుముకుంటుంది. ఒక కాగితం నింపేసరికి పొయ్యి మీద పప్పు మాడి వాసనొస్తుంది. అందుకని నెమ్మదిగా చెబుతాను, మీరూ నెమ్మదిగానే చదవండి. ఈ కథలో గేదె తప్ప తొందరపడినవాళ్లెవరూ లేరు.

దేవరగెడ్డ జలాశయం చుట్టూ కొండలున్నాయి. కొండల నడుము మీద మొలతాడులాగా ఒక కాలిబాట, జలాశయాన్ని పూర్తిగా చుట్టి మళ్లీ బయలుదేరిన చోటికే వస్తుంది. పైన అడవి, కింద నీళ్లు, మధ్యలో బాట. ఊరికీ ఊరికీ మధ్య వేరే దారి లేదు. తాతల నాటి నుంచీ జనం దాని మీదే కట్టెలు మోశారు, కోడళ్లని తెచ్చుకున్నారు, అలిగి పుట్టింటికి పోయారు. ఎవరూ దానికి పేరు పెట్టలేదు. అలాంటి బాటని ఒక ఏడాది పర్యాటక శాఖవారు కనిపెట్టారు. ఉన్నవాటిని కనిపెట్టడంలో ఆ శాఖది అందెవేసిన చెయ్యి.

కనిపెట్టినవాళ్లు ఊరుకోరు కదా. దానికి 'సరోవర ప్రదక్షిణ పథం' అని పేరు పెట్టి, తొమ్మిది అంచెలు చేసి, అంచెకొక గేటు కట్టించి, గేటుకొక కాపలాదారుని పెట్టి, కాపలాదారుకొక టోపీ, ఒక ఈల ఇచ్చారు. పట్నం వాళ్లు వీపుకి బస్తాలంత సంచులు తగిలించుకుని వస్తారట. ఒక సెలవుకి ఒక అంచె నడుస్తారట. తొమ్మిది ముద్రలూ పడినవాళ్లకి ప్రదక్షిణ పూర్తయినట్టు పత్రం ఇస్తారట.

ప్రారంభోత్సవం ఒకటో గేటు దగ్గర. బస్సు రోడ్డు అక్కడికే వస్తుంది. నాలుగో గేటు పక్కనున్న పనసపుట్టు నుంచి ముత్తేలమ్మ కూడా వెళ్లింది. పులిహోర పెడతారని చెప్పారు మరి.

శాఖ డైరెక్టరు వాచస్పతి గారు మైకు పట్టుకున్నారు. "ఇది కేవలము బాట కాదు. ఇది ప్రదక్షిణ. ప్రదక్షిణ అనునది సవ్యదిశలోనే జరుగవలెను. నడుచువారికి నీళ్లు ఎల్లవేళలా కుడిచేతి వైపు ఉండవలెను. ఎడమచేతి వైపు ఉన్నచో అది అపసవ్యము, అనాచారము, శిక్షార్హము" అన్నారు. చప్పట్లు పడ్డాయి. ఆ తర్వాత, ప్రదక్షిణ అన్నాం కాబట్టి, వారు బూట్లు విప్పి ఒక పక్కన పెట్టి, కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి, పది అడుగులు లోపలికి నడిచారు. ఫొటోలు తీశారు. అప్పుడు వారికి బూట్లు గుర్తొచ్చాయి.

బూట్లు రిబ్బనుకి అవతల ఉన్నాయి. వెనక్కి తిరిగితే నీళ్లు ఎడమచేతి వైపు.

డైరెక్టరు గారు బూట్ల వైపు చూశారు. విలేఖరులు డైరెక్టరు గారి వైపు చూశారు. గుమాస్తా ఒకడు తెద్దామని కాలు కదిపితే వారు చెయ్యెత్తి ఆపేశారు. "నియమము నా బూట్ల కంటె గొప్పది" అని ఉత్తకాళ్లతోనే అక్కడున్న అతిథిగృహంలోకి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి శాఖలో చిన్నాపెద్దా అంతా చెప్పుల్లేకుండానే సమీక్షలకు హాజరయ్యారు. బూట్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి. వాటికి ఎండ తగలకుండా ఒక గొడుగు కట్టారు.

ముత్తేలమ్మ పులిహోర తిని, సవ్యదిశలోనే ఇంటికి నడిచి వచ్చింది. ఇదంతా తనకేమీ పట్టదనుకుంది.

ఆమెకి పట్టేది నల్లి. నల్లి ఆమె గేదె. తొలిచూలు, నిండు చూడితో ఉంది. మొగుడు పోయాక, పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమె మాట వినేదీ, ఆమెని విసుక్కునేదీ అదొక్కటే. పరాయి చెయ్యి తగిలితే తన్నుతుంది. ఈనిన గేదెకి పాత బెల్లం, వాము ఉడికించి పెట్టకపోతే నడుం పట్టేస్తుంది. పాత బెల్లం నిమ్మలగుడలో వదిన దగ్గర ఉంది. వదినంటే, చనిపోయిన అన్నగారి భార్య. నిమ్మలగుడ అయిదో గేటు పక్కన. కొండ మలుపు తిరిగితే చాలు, పొయ్యి మీద ఎసరు పెట్టి వెళ్లి, మరిగేలోపు తిరిగి రావచ్చు.

ఒకరోజు పొద్దున్న నల్లి, ఈనబోయే గేదెలు చేసినట్టే, నేల వాసన చూడడం మొదలుపెట్టింది. ముత్తేలమ్మ పక్కింటి పైడితల్లికి గేదెని చూస్తూ ఉండమని చెప్పి బయల్దేరింది. నాలుగో గేటు కాపలాదారు సలాము కొట్టాడు. నీళ్లు కుడిచేతి వైపే ఉన్నాయి మరి. వదిన ఇంట్లో కూచుని చుట్ట కాల్చి, బెల్లం కొంగున కట్టుకుని, తిరిగి అయిదో గేటు దగ్గరికి వచ్చేసరికి ఈల మోగింది.

"అత్తా! ఆగాగు! ఎనక్కెల్లకూడదు."

ఈల ఊదినవాడు అప్పలకొండ. వదిన కొడుకే. ఇద్దరు పిల్లల తండ్రి. మొన్ననే ఈ కొలువు దొరికింది.

"ఏరా, కొత్త టోపీ ఎట్టుకుంటే మనుసులు కంటికి ఆనడం మానేసినారా?"

"అది కాదత్తా. నీల్లు ఏపక్కున్నాయి నీకు?"

"ఎడంపక్క."

"ఎడంపక్కుంటే నేరం."

"కుడిపక్కుంటే?"

"పున్నెం."

"నాను పున్నేనికి రాలేదురా, బెల్లానికొచ్చినాను. అదిగో మా సాల. అదిగో నల్లి తోక. ఇక్కడికే కనిపిత్తంది. దాటనీ."

అప్పలకొండ గేటు మీదున్న కెమెరా చూపించాడు. "దాటనిత్తే నా ఉజ్జోగం పోద్దత్తా. నీకు ఇంటికెల్లాలంటే దారుంది. ఇలాగే ముందుకెల్లిపో. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, ఒకటి, రెండు, మూడు, ఆ ఎంటనే మీ పనసపుట్టే."

ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినవాడి గురించి పెద్దలు చెబుతారు. శాఖవారు ఆ మాటకి గేట్లు కూడా కట్టించారు.

"పడవ మీద దించీ" అంది ముత్తేలమ్మ.

"నీల్లు ఇరిగేసనోల్లవి. ఆల్లకీ మాకూ మాటల్లేవు."

ముత్తేలమ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత గిరుక్కున వెనక్కి తిరిగి నిలబడింది. నీళ్లు కుడిచేతి వైపుకి వచ్చాయి. అలాగే, మొహం నిమ్మలగుడ వైపు పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ గేటులోకి రాసాగింది. అప్పలకొండ ఈల నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదాలో వద్దో తెలియలేదు. పైవాళ్లకి ఫోను చేశాడు. పైవాళ్లు వాళ్ల పైవాళ్లకి చేశారు. చివరికి డైరెక్టరు గారే లైనులోకి వచ్చారు.

"ముఖము సవ్యదిశగా ఉన్నప్పటికిని, పాదములు అపసవ్యముగా కదులుచున్నందున, సదరు నడకను తిరోగమనముగా పరిగణించవలెను. ఆమెతో చెప్పు, నేను నా బూట్లు వదులుకున్నానని."

"నువ్వొదులుకున్నవి బూట్లు, బావూ. నాది సూడి గేదె" అని ముత్తేలమ్మ ఫోనులోకి అరిచింది. అప్పటికే ఆయన పెట్టేశారు.

కేకలు విని వదిన కూడా వచ్చింది. "మీ నాన్నుంటే నీ టోపీ గెడ్డలో ఇసిరీసుండును! సొంత మేనత్తని దాటనివ్వవేట్రా?" అని కొడుకు మీద పడింది. అప్పలకొండ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి ఎడమ కంట్లో ముందు తిరిగాయి. ముత్తేలమ్మ వాడిని చూసి, వాడి పిల్లల్ని తలుచుకుని, ఊరుకుంది.

"పోనీలే వదినా. కొండలు సూడ్డానికి డబ్బులిచ్చి వత్తన్నారంట. నాను ఊరికినే సూసొత్తాను."

అవతలి గట్టు మీద పైడితల్లి కనబడితే కేకేసి, నల్లి దగ్గర ఉండమని, దాని ముందు నడవొద్దని, వెనక అసలే నడవొద్దని చెప్పింది.

వెళ్లడం కూడా అంత తేలిక కాదు. పథము మీద నడుచు ప్రతి వ్యక్తియు వీపుసంచి ధరించవలెనట. అప్పలకొండ ఒకటి తెచ్చి తగిలించాడు. అందులో గుడారం ఉంది, గిన్నెలున్నాయి, తాడుంది, గొంగళిపురుగు గూడులాంటి పక్క ఒకటుంది.

"కాపరానికి పంపినప్పుడు మాయమ్మ నాకింత సామానివ్వలేదురా" అంది ముత్తేలమ్మ.

వెనక్కి వెళ్లబోయిన మనిషికి ప్రదక్షిణ పూర్తయ్యేదాకా సిబ్బందిలో ఒకరు తోడుండాలని ఇంకో నియమం. అందుకని అప్పలకొండ కూడా బయల్దేరాడు. ఒక కొండ ఎక్కి దిగాక ముత్తేలమ్మకి సందేహం వచ్చింది.

"ఒరే, నువ్వు నాతో వచ్చీసినావు. ఇప్పుడా గేటుకాడ ఎవులున్నారు?"

"ఎవులూ లేరత్తా."

"మరి నాను ఎనక్కెల్లిపోతే?"

"ఎల్లొచ్చు. ఎవులూ ఆపరు." అప్పలకొండ కాసేపు నడిచి, "కానీ ఎనక్కెల్లకూడదు కదా" అన్నాడు.

ఇద్దరూ ముందుకే నడిచారు.

ఆరో గేటు దగ్గర నలుగురు పట్నం పిల్లలు రాతి మీద కూలబడి ఉన్నారు. గడ్డాలు పెరిగిపోయాయి. వాళ్లు ప్రారంభోత్సవం నాడు ఒకే ఒక్క అంచె నడుద్దామని వచ్చారు. నడిచారు. రెండో గేటు దగ్గర ముద్ర కూడా వేయించుకున్నారు. కారు ఒకటో గేటు దగ్గర ఉంది.

"అప్పటి నుంచీ కారు దగ్గరికే వెళ్తున్నామాంటీ" అన్నాడు ఒకడు. ఇంకొకడు చెట్టెక్కి ఫోనులో, "సార్, ఇంకా దారిలోనే ఉన్నాను సార్" అంటున్నాడు. పాపం, అది అబద్ధం కాదు.

వాళ్లు వేడినీళ్లలో ఏదో పొడి కలిపి సూపు అని ముత్తేలమ్మకి ఇచ్చారు. ఆమె వాసన చూసి, నల్లికి కూడా పెట్టనని చెప్పి, కొంగుముడి విప్పి వాళ్లకి తలో బెల్లం ముక్క ఇచ్చింది. గేదెకి సరిపడా మిగిల్చుకుని మళ్లీ ముడేసుకుంది. రాత్రి ఆ పురుగు గూట్లో దూరి పడుకుంటే మర్నాడు పొద్దున్న బయటికి రావడానికి నలుగురు పిల్లలూ లాగాల్సి వచ్చింది.

ఏడో గేటు దగ్గర ఉండాల్సినవాడు లేడు. సమీక్షా సమావేశమని ఎనిమిదో గేటుకి వెళ్లాడట. ఎనిమిదో గేటు దగ్గర దొరికాడు. తన గేటుకి తిరిగి వెళ్లాలంటే చుట్టూ తిరగాలి కాబట్టి అక్కడే ఉండిపోయాడు. అతను వచ్చాడని ఎనిమిదో గేటు వాడు తొమ్మిదికి జరిగాడు. ఇలా సిబ్బంది అంతా ఎప్పుడూ ఒక గేటు ముందుకి జరుగుతూనే ఉంటారు. శాఖ దీన్ని ప్రమోషను అంటుంది.

"వంటాయన కూడా అలాగే పెమోసనయిపోయాడమ్మా" అన్నాడు ఆ ఏడో గేటు వాడు. "ఉప్పు మర్చిపోయాడని తెలిసేతలికి గేటు దాటీసినాడు. మాం ఉత్త ఉప్పు తింతన్నాం, ఆల్లు ముందుగేటుకాడ ఉప్పులేని కూరలు తింతన్నారు."

తొమ్మిదో అంచె చివరికి వచ్చేసరికి గొడుగు కింద బూట్లు కనబడ్డాయి. సవ్యదిశలో నడిచి వాటిని చేరుకున్న మొదటి మనిషి ముత్తేలమ్మే. ఆమె వాటిని ఎత్తి చూసింది. ఎడమ బూటులో ఎవరిదో కోడి గుడ్డు పెట్టింది. గుడ్డుతో సహా చేత్తో పట్టుకుని ఒకటో గేటు దాటింది. పట్నం పిల్లలు కారుని కౌగిలించుకుని ఏడ్చారు. ఆ తర్వాత ఒకడికి ఫోను చార్జరు రెండో గేటు దగ్గర మర్చిపోయినట్టు గుర్తొచ్చింది. మిగతా ముగ్గురూ వాడిని కారులో పెట్టి తలుపు వేసేశారు.

అతిథిగృహం వసారాలో డైరెక్టరు గారు ఉత్తకాళ్లతో ఫైళ్లు చూస్తున్నారు. బూట్లు చూడగానే ఫైలు పక్కన పెట్టేశారు.

"ఇవి... సవ్యదిశగానే తెచ్చితివా అమ్మా?"

"నాను సుట్టూ తిరిగేకే తెచ్చినాను బావూ. ఇక నన్నిలాగెల్లనీ. నల్లి ఈనే వేల దాటిపోతంది."

డైరెక్టరు గారు బూటులో చెయ్యి పెట్టి గుడ్డు బయటికి తీశారు. "ఇది ఏ శాఖకు చెందినది?" అన్నారు. పశుసంవర్ధక శాఖకు రాయమని గుమాస్తాకి ఇచ్చారు.

ఆ తర్వాత వారికొక గొప్ప ఆలోచన వచ్చింది. "ఈమె ప్రథమ సంపూర్ణ ప్రదక్షిణ మహిళ! మిగిలిన అంచెలను మేమును ఈమెతో నడిచి, నాలుగవ గేటు వద్ద ఈమెను సత్కరించెదము. విలేఖరులను పిలువుడు."

"సత్కారమొద్దు బావూ, దారొదుల్తే సాలు."

దారి వదలలేదు. పైగా దారి నిండిపోయింది. ముందు బ్యాండు, ఆ వెనక బ్యానరు, ఆ వెనక బూట్లతో డైరెక్టరు గారు, విలేఖరులు, గుమాస్తాలు, చిట్టచివర సంచి మోస్తూ ముత్తేలమ్మ, అప్పలకొండ. రెండో గేటు దగ్గర ఒక ఉపన్యాసం. మూడో గేటు దగ్గర ఇంకొకటి. 'నిరక్షరాస్యురాలైన ఒక వృద్ధురాలిలో సైతము పర్వతారోహణ తృష్ణ రగిలించిన మన పథము' అని వారు చెబుతుంటే, నీళ్ల అవతలి మలుపు నుంచి సన్నగా ఒక కేక వినబడింది. పైడితల్లిది.

"ముత్తేలప్పా! నల్లి ఈనీసిందే! పెయ్య! పాలు తాగనీడం లేదు, దూడని తన్నేత్తంది! నన్ను కూడా తన్నీసింది! బేగి రాయే!"

ముత్తేలమ్మకి కాళ్లు ఆగలేదు. జనాన్ని తోసుకుని ముందుకి పోబోయింది. బాట ఇద్దరు పక్కపక్కన పట్టనంత ఇరుకు. బ్యాండు వాళ్లు డోలు పక్కకి జరపలేకపోయారు. గుమాస్తా ఒకడు, "అమ్మా, క్రమము, క్రమము! సత్కార గ్రహీత చివర రావలెను" అన్నాడు.

దూడ పొద్దున్న పుట్టింది. ముర్రుపాలు పడకపోతే సాయంత్రానికి మెడ వాల్చేస్తుంది. ముందు దారి లేదు. వెనక్కి పోవడానికి లేదు. ముత్తేలమ్మ సంచి నేలకేసి కొట్టింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కొండలు మార్మోగేలా పిలిచింది.

"నల్లీ... హోయ్! హోయ్! హోయ్!"

బ్యాండు ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత అవతల ఏదో ఫట్టుమని తెగింది. ఆ తర్వాత ఏదో విరిగింది. అది నాలుగో గేటు అని తర్వాత తెలిసింది.

మలుపు తిరిగి నల్లి వచ్చింది. మెడలో తెగిన పలుపు, కొమ్ముకి 'స్వాగతము' అన్న బోర్డు, వెనకాల తూలుకుంటూ చిన్న పెయ్యదూడ. నల్లికి నీళ్లు ఎడమచేతి వైపు ఉన్నాయి. దానికి ఆ సంగతి పట్టినట్టు లేదు.

బ్యాండు వాళ్లు ముందు వెనక్కి తిరిగారు. డోలు దొర్లుకుంటూ వాళ్ల కంటే ముందు పోయింది. బ్యానరు తిరిగింది. గుమాస్తాలు తిరిగారు. డైరెక్టరు గారు ఒక్క క్షణం నిలబడి, "సవ్యదిశ..." అనబోయి, గేదె కళ్లలోకి చూసి, వారూ తిరిగి పరుగెత్తారు.

అప్పుడు ఈల మోగింది.

ఊదింది అప్పలకొండే. వాడికి వేరే ఉద్దేశమేమీ లేదు. ఎదురుగా మనుషులు నీళ్లు ఎడమచేతి వైపు పెట్టుకుని వస్తుంటే చెయ్యి దానంతటదే ఈల మీదికి పోయింది. "ఆగండి సార్! రాంగు సైడు సార్! ఎనక్కెల్లకూడదు సార్!" అని దారికి అడ్డంగా రెండు చేతులూ చాచాడు.

ముందు ఈల. వెనక గేదె. పైన అడవి. కింద ఇరిగేషను శాఖ. విలేఖరులు ఫొటోలు తీస్తున్నారు.

డైరెక్టరు గారు నిలబడిపోయారు. కళ్లు మూసుకుని, గట్టిగా, గుమాస్తాకి చెప్పడం మొదలుపెట్టారు. "రాసుకో! ఇందుమూలముగా... సదరు పథము మీద గేదెలకును... గేదెలతో ప్రయాణించువారికిని... గేదె వలన ప్రయాణించువారికిని... దిశానియమము నుండి మినహాయింపు ఇవ్వడమైనది. తక్షణము అమలు!"

అప్పలకొండ సలాము చేసి పక్కకి తప్పుకున్నాడు. డైరెక్టరు గారు మినహాయింపు మీద పరుగెత్తుకుపోయారు. ఆ తొందరలో బూట్లు మళ్లీ ఊడిపోయాయి.

ముత్తేలమ్మ ఎదురెళ్లింది. "ఏటే, ఏటే నా తల్లీ, నానొచ్చీసినాను కదే" అంటూ నల్లి గంగడోలు నిమిరింది. నల్లి పెద్దగా ఊపిరి వదిలి, ఆమె భుజం నాకి, ఆ తర్వాత విసుక్కుంది. ముత్తేలమ్మ ఒక చేత్తో దాని నడుం రాస్తూ, ఇంకో చేత్తో దూడ మూతి పొదుగుకి అందించింది. నల్లి కాలెత్తింది. ఎత్తిన కాలు ఒక్క క్షణం గాలిలో ఉండి, మెల్లగా కిందికి దిగింది. దూడ చప్పరించింది.

దూడ పాలు తాగినంతసేపూ సరోవర ప్రదక్షిణ పథం మూసి ఉంది. ఎవరూ ఏ దిశలోనూ కదలలేదు. ముత్తేలమ్మ కొంగుముడి విప్పి, అన్ని కొండలూ తిరిగి వచ్చిన బెల్లాన్ని నల్లి నోటికి పెట్టింది.

ప్రభుత్వం నియమాన్ని వెనక్కి తీసుకోదు. వెనక్కి అన్న మాటే ఆ శాఖకి పడదు. అందుకని నియమం అలాగే ఉంది, మినహాయింపూ అలాగే ఉంది. ఇప్పుడు ప్రతి గేటు దగ్గరా ఒక గేదెని కట్టేసి ఉంచారు. కట్టెలకి వెళ్లేవాళ్లు, సంతకి వెళ్లేవాళ్లు, పట్నం నుంచి సంచులతో వచ్చి ఒక అంచె నడిచి కారు దగ్గరికి తిరిగి వెళ్లాలనుకునేవాళ్లు, ఎవరైనా సరే, పలుపు పట్టుకుని నడవాల్సిందే. డైరెక్టరు గారు కూడా బూట్ల కోసం ఒక ముసలి గేదెతో వచ్చి తీసుకెళ్లారు. గేదెల ప్రమోషను గురించి ఫైలు నడుస్తోంది.

దూడ నాలుగు కాళ్లకీ గిట్టల దగ్గర తెలుపు. దానికి ముత్తేలమ్మ 'బూట్లమ్మ' అని పేరు పెట్టింది. మూడో నాడు, ఒక చేత్తో నల్లి పలుపు, ఇంకో చేత్తో జున్ను గిన్నె పట్టుకుని, బూట్లమ్మని వెంటబెట్టుకుని వదిన ఇంటికి వచ్చింది. ఇద్దరూ కూచుని జున్ను తిన్నారు, చుట్టలు కాల్చారు, అప్పలకొండని మళ్లీ తిట్టారు. చీకటి పడకముందే ఆమె లేచి, నీళ్లు ఎడమచేతి వైపు పెట్టుకుని, దర్జాగా ఇంటికి వెళ్లింది.

ఆ వదినని నేనే. పేరు బోని సన్యాసమ్మ. వయసు డెబ్బయి ఒకటి. ఇప్పుడూ నిమ్మలగుడలోనే ఉంటున్నాను, అయిదో గేటు పక్క ఇల్లు. మీరూ ఒకసారి రండి. వచ్చేటప్పుడు ఎలా వచ్చినా పర్వాలేదు గానీ, తిరిగి వెళ్లాలనుంటే మాత్రం గేదెని తెచ్చుకోండి.